వేదాయపాళెం ఇంటి అక్వేరియం: నాలుగు లీకులు, నాలుగు వేళలు

నెల్లూరు వేదాయపాళెంలోని ఒక ఇంటి ముందు గదిలో అక్వేరియం కింద ఉన్న ప్లైవుడ్ స్టాండు అడుగు పలక ఉబ్బి, పొరలు విడిపోయి, తలుపు మూతపడటం మానేసిన తరువాత, అక్వేరియంల పైపు పని చేసే నాకు కబురు వచ్చింది. అక్టోబరు చివరి వారం కావడంతో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుని ఉన్నాయి. గదిలో తేమ ఎక్కువగా ఉండటం వల్ల ఏది లీకు తడో, ఏది గాలిలోని చెమ్మో చూసిన వెంటనే చెప్పగలిగే పరిస్థితి లేదు. ఇంటి యజమాని రిటైరైన లెక్కల మాష్టారు. ఆయన దగ్గర నాలుగు ఆస్కార్ చేపలు ఉన్నాయి. ఒక్కొక్కటి జానెడుకు మించిన పొడవు. రెండు నెలల్లో ఇద్దరు మనుషులు వచ్చి చూసి, పైపుల అతుకుల మీద సిలికాన్ పూసి వెళ్ళారు. మూడో మనిషి తొట్టి అతుకులే పాడయ్యాయనీ, మొత్తం విప్పి మళ్ళీ అతికించాలనీ చెప్పాడు.

"నాయనా, ట్యాంకంతా విప్పాలంటే ఈ చేపల్ని ఏడ పెట్టేది? అసలు విప్పాల్సినంత పని ఉండాదా?" అని ఆయన అడిగారు. "ముందు ఏమీ విప్పొద్దు సార్. నీళ్ళు ఎప్పుడెప్పుడు కనపడినాయో చెప్పండి" అని నేను అడిగినప్పుడు ఆయన లోపలికి వెళ్ళి ఒక నోటు పుస్తకం తెచ్చారు. నేల తడిసిన ప్రతి రోజూ తేదీ, వేళ, ఆ రోజు కరెంటు పోయిందా, పోతే ఎంతసేపు పోయింది అనే వివరాలు వరుసగా రాసి ఉన్నాయి. పద్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నాను గానీ, ఇంత ఉపయోగపడిన కాగితం ఏ ఇంట్లోనూ నా చేతికి అందలేదు.

తొట్టి 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు. 12 మిల్లీమీటర్ల మామూలు అద్దంతో స్థానికంగానే కట్టించారు. నీరు సుమారు 370 లీటర్లు. వెనుక మూలలో 20 సెంటీమీటర్లకు 15 సెంటీమీటర్ల ఓవర్‌ఫ్లో పెట్టె ఉంది. దాని పై అంచున దువ్వెన పళ్ళ వంటి గాట్లు ఉన్నాయి. పెట్టె అడుగున అద్దానికి రెండు రంధ్రాలు. ఒకదాని గుండా నీరు సంపులోకి, అంటే కింద ఉండే రెండో తొట్టిలోకి దిగుతుంది, రెండోదాని గుండా సంపులోని పంపు నుంచి నీరు పైకి వస్తుంది. మన చెరువుల భాషలో చెప్పాలంటే దువ్వెన అంచు కలుజు, కిందికి దిగే పైపు తూము. అయితే చెరువులో కలుజు పారేది నిండినప్పుడు మాత్రమే; అక్వేరియంలో అది రాత్రింబగళ్ళు పారుతూనే ఉండాలి. ఆ దారి ఒక్క గంట మూసుకుపోయినా పంపు తోడే నీరంతా తొట్టి అంచు దాటి గదిలోకి వస్తుంది.

ఆ నోటు పుస్తకంలోని తడి నాలుగు రకాలుగా ఉన్నట్టు నాకు అర్థమైంది. స్టాండు లోపల ఒక మూల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. రెండో చోట పంపు నడుస్తున్నంతసేపు చుక్కలు పడతాయి, శుభ్రం చేయడానికి పంపు ఆపిన రోజుల్లో ఆగిపోతాయి. మూడోది తెల్లవారుజామున మాత్రమే కనిపిస్తుంది. నాలుగోది చుక్క కాదు, వరద. అది కరెంటు పోయిన రోజుల్లోనే వచ్చింది, అదీ ప్రతిసారీ కాదు. అర నిమిషం పోయి వచ్చిన రోజుల్లో నేల పొడిగానే ఉంది. ఐదు నిమిషాలు దాటి పోయిన ప్రతిసారీ గది మధ్య వరకూ నీరు పారింది. వేళలు ఇంత స్పష్టంగా వేరుపడినప్పుడు కారణాలు కూడా వేరువేరుగానే ఉంటాయి. అందరూ ఒకే లీకు కోసం వెతకడం వల్లనే ఒకచోట పూసిన సిలికాన్ మరో మూడు చోట్ల తడిని ఆపలేకపోయింది.

మొదటి రోజు నేను చేసిన పని తుడవడం, ఆరబెట్టడం, కనిపెట్టి చూడటం. స్టాండు లోపలంతా పాత గుడ్డతో తుడిచి, టేబుల్ ఫ్యాన్ గాలి రెండు గంటలు పెట్టి, ప్రతి అతుకు చుట్టూ టిష్యూ కాగితం చుట్టి, కింద వార్తాపత్రిక పరిచాను. పొడి అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లితే, కంటికి ఆనని చెమ్మ కూడా గీతలా తేలుతుంది. తరువాత పంపు ఆపి గంట, పంపు నడిపి గంట, నీరు కిందికి దిగే పైపుకున్న డ్రెయిన్ వాల్వు సగం మూసి గంట చూశాను. వాల్వు సంగతి ఇంట్లోవాళ్ళు మాటల మధ్య చెప్పారు. నీరు దిగేటప్పుడు వచ్చే గుడగుడ శబ్దానికి నిద్ర పట్టక రాత్రిళ్ళు దాన్ని సగం మూసి, పొద్దున్నే తెరుస్తున్నారట. తెల్లవారుజాము తడికి మూలం అక్కడే ఉందని నాకు అప్పుడే అనిపించింది.

వాళ్ళు మొదట్లో తొట్టి నింపడానికి బోరు నీరు వాడారు. ఆ నీటి కాఠిన్యం ఈ పరీక్షలో నాకు మేలు చేసింది. కఠినమైన నీరు సన్నగా కారి ఆరిన చోట సున్నం తెల్లని చారగా మిగులుతుంది. ఆ చార పై కొన ఎక్కడ మొదలైందో అక్కడే లీకు ఉంటుంది. చుక్క రాలే చోటు పైపు వెంట జారి చాలా దూరం పోయి ఉండవచ్చు. ఈ ఇంట్లో చుక్క రాలుతున్న బెండుకూ, చార మొదలైన ఎల్బోకూ (పైపును మలుపు తిప్పే ఫిట్టింగు) మధ్య 30 సెంటీమీటర్ల దూరం ఉంది. అంతకుముందు వచ్చినవారు చుక్క రాలిన చోటే సిలికాన్ పూశారు.

సాయంత్రానికి నాలుగూ తేలాయి. అద్దం అతుకుల్లో ఒక్క దాని దగ్గర కూడా చెమ్మ లేదు. తొట్టిని విప్పాల్సిన పని లేదని చెప్పినప్పుడు మాష్టారి భార్య ముందుగా చేపల వైపు చూశారు.

మొదటి లీకు డ్రెయిన్ రంధ్రానికి బిగించిన ట్యాంక్ నిపుల్ (అద్దం గుండా పైపును దాటించే ముక్క) దగ్గర ఉంది. నిపుల్‌కు ఒక పక్క వెడల్పాటి అంచు, అంటే ఫ్లాంజి, రెండో పక్క మర మీద తిరిగే చెక్‌నట్ ఉంటాయి. రబ్బరు వాషర్ ఫ్లాంజి కింద, అంటే ఇక్కడ నీరున్న లోపలి వైపు, ఉండాలి. ఈ తొట్టిలో దాన్ని కింద నట్టు వైపు వేశారు. ఆ వైపు వేస్తే నీరు ఫ్లాంజి అంచు కింది నుంచి రంధ్రంలోకి దిగి, మర గాళ్ళ వెంట నట్టు లోపలి గుండా బయటికి నడుస్తుంది. వాషర్ ఎంత గట్టిగా నొక్కుకున్నా ఆ దారికి అడ్డం కాదు. పైగా నట్టు తిరిగేటప్పుడు తనతో పాటు వాషర్‌ను మెలిపెట్టి ఒక పక్కకు లాగుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. అద్దానికి రంధ్రం తొలిచేటప్పుడు వజ్రపు పొడి అంచు గల హోల్‌సా బయటపడే వైపున పెచ్చులు లేస్తాయి. ఈ అద్దానికి అడుగు వైపు సుమారు 3 మిల్లీమీటర్ల పెచ్చు లేచి ఉంది. వాషర్ సరిగ్గా ఆ పెచ్చు మీదే కూర్చుంది. లోపలి వైపు అద్దం మాత్రం నున్నగా ఉంది. వాషర్‌ను సరైన వైపు వేసి ఉంటే పెచ్చు ఎవరికీ తెలిసేదే కాదు.

దాని చుట్టూ పూసిన సిలికాన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్వేరియం పనుల్లో జరిగే పొరపాట్లలో సగం దాని మీద ఉన్న నమ్మకం వల్లనే జరుగుతాయని నా అనుభవం. సిలికాన్ అద్దానికీ అద్దానికీ మధ్య గట్టి బంధం. పీవీసీకి అది సరిగా అంటదు. కొంతకాలానికి తోలులా ఊడి వస్తుంది. ఒకసారి ఆరిన పాత సిలికాన్ మీద కొత్తది కూడా అంటదు. రబ్బరు వాషర్‌కు పూస్తే అది జారుడుగా మారి, నట్టు బిగించేటప్పుడు వాషర్ పక్కకు పిసికినట్టు బయటికి వస్తుంది. వాషర్ తన మెత్తదనంతో, అద్దం తన చదునుతో, నట్టు తన ఒత్తిడితో ఆపాల్సిన నీటిని పైపూత ఆపదు. ఈ నిపుల్ నుంచి సిలికాన్‌ను నేను వేలితో ఒక్క లాగుకే పూర్తిగా తీయగలిగాను.

రెండో లీకు పంపు నుంచి పైకి వెళ్ళే పైపు ఎల్బోలో ఉంది. ఇది నెల్లూరు జిల్లాకు ప్రత్యేకంగా అంటుకున్న తప్పు అని చెప్పవచ్చు. ఇందుకూరుపేట, అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువులకూ, మాగాణి పొలాలకూ వేసే పైపులు మిల్లీమీటర్ల కొలతలవి. వాటి మీద ఐఎస్ 4985 అనే ప్రమాణం సంఖ్య ముద్రించి ఉంటుంది. ఇళ్ళలో వేసే తెల్ల యూపీవీసీ పైపులు అంగుళాల కొలతలవి. వాటి మీద ఏఎస్‌టీఎం డీ 1785, షెడ్యూల్ 40 లేదా 80 (పైపు గోడ మందం తరగతి) అని ఉంటుంది. మిగిలిపోయిన ముక్కలు ఇంటి పనిలోకి వచ్చినప్పుడు 32 ఎంఎం, ఒక అంగుళం రెండూ ఒకటేనని చెప్పి కలిపేస్తారు. అవి ఒకటి కావు. 32 ఎంఎం పైపు బయటి వ్యాసం 32 మిల్లీమీటర్లే. ఒక అంగుళం పైపు బయటి వ్యాసం 33.4. ముప్పావు అంగుళానికి 26.7 అయితే దానికి బదులు వాడేది 25. ఒకటింబావు అంగుళానికి 42.2, దాని బదులు 40. ఒకటిన్నర అంగుళం దగ్గర వరుస తలకిందులవుతుంది: అంగుళాల పైపు 48.3, మిల్లీమీటర్ల పైపు 50, కనుక అది దూరనే దూరదు. దూరని చోట తప్పు వెంటనే బయటపడుతుంది. వదులుగా దూరే చోట మాత్రం ఎవరికీ తెలియదు.

ఈ ఎల్బో ఒక అంగుళానిది, పైపు 32 ఎంఎంది. వెర్నియర్ (వ్యాసం కొలిచే పనిముట్టు) పెట్టి చూపించినప్పుడు మాష్టారు ఆ 1.4 మిల్లీమీటర్ల తేడాను నోటు పుస్తకంలో రాసుకున్నారు. సాల్వెంట్ సిమెంట్‌ను మనం సొల్యూషన్ అంటాం గానీ, అది ఖాళీని పూడ్చే జిగురు కాదు. పైపు పై పొరనూ ఫిట్టింగ్ లోపలి పొరనూ కరిగించి, అవి ఒకదానికొకటి నొక్కుకుని ఉన్నచోట రెండిటినీ ఒకే ప్లాస్టిక్‌గా కలుపుతుంది. నొక్కుకోని చోట అది పలుచని పెంకులా ఆరి, ద్రావకం ఆవిరైన కొద్దీ కుంచించుకుని, నెలల తరువాత చీలుతుంది. సరైన జోడీని గుర్తించడానికి తేలిక పద్ధతి ఉంది: సొల్యూషన్ లేకుండా పొడిగా దూర్చినప్పుడు పైపు ఫిట్టింగ్ లోతులో మూడో వంతుకూ మూడింట రెండు వంతులకూ మధ్య ఎక్కడో ఆగిపోవాలి. ఈ ఇంటి ముక్కలు విడిగా దొరికిన వాటిని అలా దూర్చి చూస్తే పైపు నేరుగా అడుగు దాకా జారి, తలకిందులు చేస్తే రాలిపడింది.

ఇక్కడ చుక్క రెండు సెకన్లకు ఒకటి పడుతోంది. వినడానికి చిన్నదే. ఇరవై చుక్కలను ఒక మిల్లీలీటరుగా లెక్క కడితే రోజుకు రెండు లీటర్లకు పైగా అవుతుంది. అదంతా రెండు నెలల పాటు ప్లైవుడ్ తాగింది.

మూడో లీకు డ్రెయిన్ బాల్ వాల్వు లోపలి మరలో ఉంది. ప్లాస్టిక్ ఆడ మరలోకి టెఫ్లాన్ టేపు పది పన్నెండు చుట్లు చుట్టిన నిపుల్‌ను రెంచితో తిప్పారు. టేపు ముద్దలా అడ్డం పడి, ఆడ మరను బయటికి తోసి, పొడవునా వెంట్రుక వాసి చీలిక తెచ్చింది. ఇటువంటి చీలిక బిగించిన రోజు కనిపించదు, తరువాత ఎప్పుడో తెరుచుకుంటుంది. వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు పైపులో నీరూ గాలీ కలిసి జారిపోతాయి, గోడల మీద ఒత్తిడి ఉండదు. సగం మూసినప్పుడు వాల్వు పైన సుమారు 70 సెంటీమీటర్ల నీటి స్తంభం నిలుస్తుంది. చీలిక నుంచి నీరు బయటికి వస్తుంది. రాత్రి మూసి పొద్దున తెరిచే అలవాటుకూ తెల్లవారుజాము తడికీ సంబంధం అదే. అయితే ఆ అలవాటులో లీకు కంటే పెద్ద ప్రమాదం ఉందని వారికి చెప్పడం నా బాధ్యత అనిపించింది. నీరు దిగే దారి ఒక్కటే, అది సగం మూసి ఉంది. చేప పొలుసో, మేత గుళికో అడ్డం పడితే ఆ రాత్రికి తొట్టి పొంగుతుంది.

నాలుగోది లీకే కాదు. పైకి వచ్చే పైపు మూతి తొట్టిలో నీటి మట్టానికి 9 సెంటీమీటర్ల కింద మునిగి ఉంది. కరెంటు పోగానే పంపు ఆగుతుంది, పైపు నిండా ఉన్న నీరు వెనక్కి జారుతుంది, దాని వెంట, నిండిన పైపు తనంతట తానే నీటిని కిందికి లాగడం వల్ల, తొట్టి నీరు సైఫన్‌గా మూతి బయటపడే వరకూ సంపులోకి దిగుతుంది. ఈ తొట్టిలో ఒక సెంటీమీటరు మట్టానికి సుమారు 6.8 లీటర్లు. తొమ్మిది సెంటీమీటర్లకు 61 లీటర్లు. సంపులో నడిచే మట్టం పైన మిగిలిన చోటు ఎంతో బకెట్లతో పోసి చూస్తే 42 లీటర్లు. మిగతా దాదాపు ఇరవై లీటర్లు నేల మీదికి రాక తప్పదు. అంత నీరు దిగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కనుక అర నిమిషపు కోతలకు నేల తడవలేదు. ఇంట్లో ఇన్వర్టరు ఉంది గానీ పంపు దానికి కలిపి లేదు. కలిపి ఉన్నా నేను ఈ తప్పును అలాగే వదిలేవాణ్ణి కాదు; ఇన్వర్టరు కూడా ఏదో ఒక రోజు ఆగుతుంది.

ఇక కొత్త అమరిక. రంధ్రాలు కొత్తగా తొలవకుండా, ఉన్న రెంటినీ కిందికి దిగే దారులుగానే మార్చాను. పంపు నుంచి పైకి వచ్చే పైపును తొట్టి వెనుక అంచు మీదుగా తీసుకువెళ్ళాను. దానికి రంధ్రం అవసరమే లేదు. మొదటి రంధ్రం ప్రధాన డ్రెయిన్. ఓవర్‌ఫ్లో పెట్టెలో దాని నిలువు పైపు 25 సెంటీమీటర్ల ఎత్తు, మూతికి జల్లెడ, స్టాండు కింద గేట్ వాల్వు. రెండో రంధ్రం అత్యవసర డ్రెయిన్. దాని నిలువు పైపు 46 సెంటీమీటర్ల ఎత్తు. జల్లెడ లేదు, వాల్వు లేదు, యూనియన్ (విప్పి మళ్ళీ బిగించగల అతుకు) కూడా లేదు. ప్రధాన పైపు గాలి చొరకుండా నిండుగా సైఫన్‌లా పారుతుంది కనుక శబ్దం ఉండదు. అది మోయగలిగిన దానికి మించిన నీరు అత్యవసర పైపులోకి సన్నని ధారగా జారుతుంది. బాల్ వాల్వుకు బదులు గేట్ వాల్వు వేయడానికి కారణం, బాల్ వాల్వు పావు తిప్పులో మొత్తం తెరుచుకుంటుంది; ఇక్కడ కావలసింది వెంట్రుక వాసి సర్దుబాటు. ఈ పద్ధతిని అక్వేరియం పెంపకందారులు హెర్బీ పద్ధతి అంటారు. ఒకే పైపుకు పైన గాలి రంధ్రం పెట్టే డర్సో పద్ధతి కూడా శబ్దం తగ్గిస్తుంది గానీ, రెండు రంధ్రాలున్న చోట రెండో దారిని వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

చేపలను తొట్టి నీటితోనే నింపిన రెండు డ్రమ్ముల్లోకి మార్చి, ఎయిర్ పంపు పెట్టి, పైన వల కప్పాము. ఆస్కార్ చేపలు దూకుతాయి. సంపులోని జీవ ఫిల్టరు రాళ్ళను కూడా గాలి బుడగలతో సహా బకెట్లోనే ఉంచాను, ఎందుకంటే చేపల మలినాన్ని శుద్ధి చేసే, వాటి మీది సూక్ష్మజీవులు గాలి అందని నీటిలో చనిపోతాయి. పైపు పని ఎంత బాగా చేసినా ఫిల్టరు చచ్చిపోతే చేపలు దక్కవు.

నిపుళ్ళ పనికి నేను ఎక్కువ సమయమే తీసుకున్నాను. ఫ్లాంజి అడుగున అచ్చులో మిగిలిన సన్నని గీతను, చదునైన అద్దం ముక్క మీద పరిచిన నున్నటి ఎమెరీ కాగితంతో తడిపి రుద్ది తీశాను. రంధ్రం చుట్టూ అద్దాన్ని బ్లేడుతో గీకి, తుడిచి, వేలితో తడిమాను. కొత్త రబ్బరు వాషర్‌ను లోపలి వైపు, ఫ్లాంజి కింద, పొడిగా వేశాను. కింద నట్టు చేతితో ఆగినంత వరకూ, ఆపైన పావు తిప్పు మాత్రమే. అంతకు మించితే అద్దం మీద భారం పడుతుంది, లేదా వాషర్ బయటికి పిసుకుతుంది. అలా బిగించి, పైపులేవీ తగిలించకముందే, నిపుళ్ళకు బిరడాలు పెట్టి ఓవర్‌ఫ్లో పెట్టెను మాత్రమే నింపి, 24 గంటలు వదిలేశాను. కింద పరిచిన వార్తాపత్రిక మర్నాడు సాయంత్రం కూడా గలగలలాడుతూ ఉంది. పైపులన్నీ తగిలించాక నింపితే ఇదే పరీక్షలో తప్పు ఏ అతుకుదో చెప్పడం కష్టమయ్యేది.

కొత్తగా అద్దం తొలిచేవారికి ఇక్కడ రెండు మాటలు. టెంపర్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) అద్దాన్ని తొలవకూడదు, అది ఒక్కసారిగా ముక్కలవుతుంది. రంధ్రం అంచుకూ అద్దం అంచుకూ మధ్య కనీసం రంధ్రం వ్యాసమంత దూరం వదలాలి. చుట్టూ గోధుమ పిండి ముద్దతో గట్టు కట్టి నీరు నిలిపి, నెమ్మదిగా, బరువు మోపకుండా తొలిస్తే కింది పెచ్చు కూడా చాలావరకు తగ్గుతుంది.

పైపులన్నీ ఒక అంగుళం షెడ్యూల్ 40, ఫిట్టింగులు అదే వరుసవి. ఇళ్ళలో వేడినీటికి వేసే సీపీవీసీని ఇందులో కలపలేదు. దాని ఒక అంగుళం పైపు బయటి వ్యాసం 28.6 మాత్రమే, దాని సొల్యూషన్ కూడా వేరు. ప్రతి ముక్కను పైపు పొడవుకు లంబంగా కోసి, లోపలి రజను గీకి, బయటి అంచును కొద్దిగా వాలుగా అరగదీసి, పొడిగా అమర్చి పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను. సొల్యూషన్ పైపుకూ ఫిట్టింగుకూ రెంటికీ పలుచగా పూసి, పావు తిప్పుతూ దూర్చి, అర నిమిషం వదలకుండా పట్టుకోవాలి. ఫిట్టింగు లోపల వాలు ఉంటుంది కనుక వదిలేస్తే పైపు మెల్లగా వెనక్కి వస్తుంది. పెన్సిల్ గీత కదిలిందా లేదా అనేదే దానికి సాక్ష్యం. వాన రోజులు కావడంతో ప్రతి అతుకును పొడి గుడ్డతో తుడిచి, మామూలుగా ఒక రోజు ఆరనిచ్చే చోట రెండు రోజులు ఆరనిచ్చాను. తరువాత పైపులన్నిటినీ మంచి నీటితో కడిగి ఆ నీటిని పారబోశాను.

మర పెట్టాల్సిన చోట మగ మర ప్లాస్టిక్‌దే వాడి, టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు, మర బిగిసే దిశలోనే చుట్టి, చేతితో బిగించి ఆపైన ఒక తిప్పు మాత్రమే ఇచ్చాను. ట్యాంక్ నిపుల్ నట్టు తిరిగే మరకు టేపు అక్కరలేదు. అక్కడ నీటిని ఆపేది వాషర్. పైపుల బరువు నిపుల్ మీద వేలాడకుండా రెండు చోట్ల స్టాండుకు క్లాంపులు వేశాను. పంపు దగ్గర మెత్తటి గొట్టం ముక్క పెట్టి హోస్ క్లిప్‌తో బిగించడం వల్ల దాని అదురు గట్టి పైపుల్లోకి పోదు.

ఈ పనిలో నేను ఒక తప్పు చేశాను. ప్రధాన డ్రెయిన్ కింది కొసను సంపు నీటిలో 10 సెంటీమీటర్లు మునిగేలా కోశాను. నీరు వదిలాక పది నిమిషాలు చూసినా సైఫన్ పట్టలేదు. పైపులోని గాలికి అంత లోతు నీటిని తోసుకుని బయటపడే బలం లేక, అది మధ్యలోనే నిలిచిపోయింది. మొత్తం నీరు అత్యవసర పైపులోనే పెద్ద చప్పుడుతో దిగింది. కొసను 2.5 సెంటీమీటర్లు మాత్రమే మునిగేలా కోసిన తరువాత నిమిషంన్నరలో గాలి బుడగలు ఆగి, శబ్దం ఒక్కసారిగా తగ్గి, పెట్టెలో మట్టం దిగడం మొదలైంది. అప్పుడు గేట్ వాల్వును కొద్దికొద్దిగా మూస్తూ, మట్టం అత్యవసర పైపు మూతిని అంటీ అంటనట్టు ఆగేదాకా సర్దాను.

తొట్టిలోకి వచ్చే పైపు మూతి ఇప్పుడు దువ్వెన అంచుకు 2 సెంటీమీటర్ల కిందే ఉంది. సరిగ్గా ఆ అంచు మట్టంలో పైపుకు 5 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టాను; మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగుతుంది. ఒక దిశలోనే నీటిని పోనిచ్చే చెక్ వాల్వు పెట్టమని కొందరు అడుగుతారు. దానిలో ఒక ఇసుక రేణువో పాచి ముక్కో చిక్కితే మూతపడదు. దాని మీద ఆధారపడి లెక్క వేయకూడదు.

లెక్క ఇలా వచ్చింది. పంపు తోడే నీటిని 20 లీటర్ల బకెట్టుతో కొలిస్తే 36 సెకన్లకు నిండింది, అంటే గంటకు 2000 లీటర్లు. ఆ పారుదలకు దువ్వెన మీద ఒకటిన్నర సెంటీమీటర్ల నీరు నిలుస్తుంది. కరెంటు పోయినప్పుడు అది సుమారు 10 లీటర్లు, పెట్టెలో దిగేది 6, పైపులో ఒకటి, మొత్తం 17 లీటర్లు సంపులోకి చేరాలి. సైఫన్ తెంచే రంధ్రం పాచితో మూసుకుపోయిందనుకుంటే ఇంకో 14. అత్యవసర నిలువు పైపు నిపుల్‌లో బిగువుగా లేక పెట్టె మొత్తం ఖాళీ అయిందనుకుంటే మరో ఏడెనిమిది లీటర్లు. అన్నీ ఒకే రాత్రి జరిగినా 39 లీటర్లకు లోపు. సంపు పట్టేది 42. రెండో వైపు నుంచి కూడా చూడాలి: రెండు డ్రెయిన్లూ ఒకేసారి మూసుకుపోతే సంపులో పంపు ఉన్న అర నుంచి అది తోడగలిగిన నీరు 20 లీటర్లు, తొట్టిలో నడిచే మట్టం నుంచి పై అంచు వరకు ఖాళీ 27 లీటర్లు. పంపు గాలి పీల్చుకుంటుంది గానీ నేల తడవదు. మాష్టారు ఈ రెండు లెక్కలనూ తనంతట తాను మళ్ళీ వేసి చూసి సరిపోయాయన్నారు.

లెక్క కుదిరింది కదా అని పరీక్ష మానలేదు. స్విచ్చు ఆపి పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ వేయడం మూడుసార్లు చేశాను. మూడుసార్లూ సైఫన్ దానంతట అదే పట్టింది. రంధ్రాన్ని వేలితో మూసి ఒకసారి ఆపాను. గేట్ వాల్వును పూర్తిగా మూసి, నీరంతా అత్యవసర పైపు ఒక్కటే మోయగలదా అని అరగంట చూశాను. పెట్టెలో మట్టం మూడు సెంటీమీటర్లు పెరిగి నిలిచింది, తొట్టి మట్టం కదలలేదు. సంపు గోడ మీద, పంపు ఆగినప్పుడు నీరు చేరిన చోట ఎర్ర గీత పెట్టాను. తగ్గిన నీటిని పోసి నింపేటప్పుడు, పంపు నడుస్తుండగా ఆ గీత దాకా నింపకూడదని ఇంట్లో అందరికీ చూపించాను.

యూనియన్ ఒకటి మాత్రం మొదటి రాత్రి చెమర్చింది. విప్పి చూస్తే లోపలి ‘ఓ-రింగు’ (గుండ్రటి రబ్బరు చుట్టు) మీద పీవీసీ కోత రజను ఒక్క పలుకు ఉంది. తుడిచి, రింగుకు సిలికాన్ గ్రీజు పలుచగా రాసి, చేత్తోనే బిగించాను. తరువాత ఏడు రోజులు స్టాండు లోపల వార్తాపత్రిక అలాగే పరిచి ఉంచమన్నాను.

డిసెంబరులో వాయుగుండం పట్టిన రాత్రి వేదాయపాళెంలో ఏడు గంటల పాటు కరెంటు లేదు. చేపలకు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు పెట్టుకున్నారు. సంపు నీరు ఎర్ర గీతకు వేలు వెడల్పు కింద ఆగిందనీ, కరెంటు వచ్చాక రెండు నిమిషాల్లో శబ్దం తగ్గిందనీ మాష్టారు ఫోనులో చెప్పారు. ఫిబ్రవరిలో అత్యవసర పైపులో ధార లావైందని మళ్ళీ పిలిచారు. ప్రధాన పైపు జల్లెడకు పాచి జిగట పట్టి పారుదల తగ్గింది. జల్లెడ కడిగాక గేట్ వాల్వును ముట్టుకోనవసరం లేకుండానే ధార మునుపటి సన్నదనానికి వచ్చింది. ఇప్పుడు ప్రతి నెల మొదటి ఆదివారం వారి ఇంట్లో ఆ జల్లెడనూ, సైఫన్ తెంచే రంధ్రాన్నీ పాత టూత్ బ్రష్షుతో శుభ్రం చేస్తున్నారు. ఉబ్బిన అడుగు పలక స్థానంలో కొత్తది వేయించారు.